గంట మోగని చదువు: హాయిగా సాగే ఇంటి బడి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తడబడుతుంది

సంక్షిప్తంగా

పిల్లలను బడికి పంపకుండా, ఒత్తిడి లేకుండా, సంతోషంగా నేర్చుకునేలా ఇంట్లోనే చదువు చెప్పుకోవాలన్న ఆలోచన విశాఖపట్నం వంటి నగరాల్లో వినిపిస్తోంది. పిల్లల మనసు పనిచేసే తీరును బట్టి చూస్తే ఈ ఆలోచనకు ఆధారం ఉంది. అయితే ఇక్కడ హాయి అంటే పాఠం తీసేయడం కాదు, పాఠం మోసే బరువును పిల్లల మీది నుంచి పెద్దల మీదికి మార్చడం. చదవడం, లెక్కలు అనే రెండు చోట్ల క్రమం తప్పని శిక్షణ ఉన్నప్పుడే మిగతా చోట్ల స్వేచ్ఛ నిలుస్తుంది. చట్టం ఈ మార్గాన్ని ఎంచుకున్న తల్లిదండ్రులను శిక్షించదు, అలాగని ఈ మార్గాన్ని గుర్తించదు కూడా. పదో తరగతి దగ్గర సార్వత్రిక విద్యాసంస్థలు (ఓపెన్ స్కూళ్లు) దారి చూపుతాయి.

పేరు లేని పని

హోమ్‌స్కూలింగ్ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. ‘బడి మాన్పించారు’ అన్న మాట ఉంది గానీ దాని వెనుక పేదరికమో, జబ్బో, పెళ్లో, పనికి పంపడమో ధ్వనిస్తుంది. ‘ప్రైవేటుగా కట్టారు’ అన్న మాట ఉంది గానీ అది పరీక్ష తప్పినవారికో, చదువు మధ్యలో ఆపేసినవారికో వాడేది. అందువల్ల విశాఖలోని ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఒక కుటుంబం తమ పిల్లకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నామని అంటే, వినేవారు దానిని తమకు ముందే తెలిసిన ఏదో ఒక అర్థంలోకి మార్చుకుంటారు. అపార్టుమెంటు లిఫ్టులో పెద్దలు పిల్లలను అడిగే మొదటి ప్రశ్న పేరు కూడా కాదు, ‘ఏ స్కూలమ్మా?’ అన్నదే కాబట్టి ఈ ఇబ్బంది దాదాపు రోజూ ఎదురయ్యేదే.

గందరగోళానికి మరో కారణం, ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తుండటం. ఆన్‌లైన్ స్కూల్లో పేరు నమోదు చేయించి రోజుకు ఐదారు గంటలు తెర ముందు కూర్చోబెట్టడం మొదటిది. బడి పుస్తకాలే తెచ్చి, పీరియడ్ల పట్టిక గోడకు అంటించి, అమ్మో నాన్నో టీచరు పాత్ర వేయడం రెండోది. పిల్లల వయసు, వేగం, ఆసక్తి చూసుకుంటూ ఏది ఎప్పుడు నేర్పాలో కుటుంబమే నిర్ణయించుకోవడం మూడోది. మొదటి రెండింటిలో బడి అలాగే ఉంటుంది, దాని చిరునామా మాత్రం మారుతుంది. హాయిగా, సంతోషంగా నేర్చుకోవడం అన్న చర్చ నిజానికి మూడోదానికి సంబంధించినది.

ఆ మూడోదానిలోనూ తేడాలున్నాయి. అమెరికన్ ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ 1977లో ప్రారంభించిన పత్రిక ద్వారా ప్రచారంలోకి తెచ్చిన ‘అన్‌స్కూలింగ్’ పాఠ్యక్రమాన్నే పక్కన పెడుతుంది. ఇంగ్లండుకు చెందిన షార్లెట్ మేసన్ (1842–1923) పద్ధతి పాఠ్యక్రమాన్ని ఉంచుతూనే పాఠాన్ని పది, ఇరవై నిమిషాలకు కుదించి, మిగిలిన సమయాన్ని మంచి పుస్తకాలకూ చెట్టూ పిట్టా చూసి బొమ్మ వేసుకునే నోటుపుస్తకానికీ ఇస్తుంది. ఇక్కడి కుటుంబాలు ఎక్కువగా ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఆగుతాయి.

వీధిబడి నుంచి ర్యాంకుల ఫ్లెక్సీ దాకా

పాతకాలపు చదువు హాయిగా ఉండేదన్న అభిప్రాయం సగమే నిజం. వీధిబడిలో నేటి అర్థంలో తరగతులు ఉండేవి కావు. ఒకడు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దుతుంటే, పక్కవాడు గుణింతాలు వల్లిస్తుండేవాడు, ఇంకొకడు పద్యాల దాకా వెళ్లి ఉండేవాడు. పెద్ద పిల్లలే చిన్న పిల్లలకు దిద్దించేవారు. అంటే ప్రతివాడూ తన వేగంతో సాగే వీలుండేది. అదే బడిలో పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీసే కోదండం అనే శిక్షా ఉండేది. ఈ రెండూ పక్కపక్కనే ఉండగలిగాయన్నది గుర్తుంచుకోవలసిన విషయం. సొంత వేగం ఉన్నంత మాత్రాన భయం పోదు. భయం తీసేసినంత మాత్రాన సొంత వేగం రాదు. నేటి ఇంటి చదువులోనూ ఈ రెంటినీ విడివిడిగానే సాధించవలసి ఉంటుంది.

భయం మీద తిరుగుబాటు కూడా ఇక్కడ కొత్తది కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరాన్ని ప్రారంభించిన గిజుభాయి బధేకా కథ, ఆట, పాటలను పాఠం మధ్యలోకి తెచ్చారు. 1939లో మద్రాసు వచ్చిన మరియా మాంటిస్సోరి యుద్ధం కారణంగా ఏళ్ల తరబడి భారతదేశంలోనే ఉండిపోయి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తెలుగులో గుడిపాటి వెంకటచలం ‘బిడ్డల శిక్షణ’ రాసి, పిల్లలను కొట్టి, భయపెట్టి పెంచే పద్ధతిని నిలదీశారు. స్వయంగా పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన మనిషి రాసిన పుస్తకం అది. ఉత్తరాంధ్రకే చెందిన గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. పిల్లవాడికి తెలిసిన మాటతో మొదలుపెట్టాలన్న ఆ సూత్రం ఇంటి చదువుకు పునాది వంటిది.

ఈ నేపథ్యం ఉండి కూడా ఇప్పుడే ఈ చర్చ రావడానికి దగ్గరి కారణాలున్నాయి. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరుతో నడిచే సెక్షన్లు, వారం వారం పరీక్షలు, ఫలితాల సీజన్లో కూడళ్ల నిండా పాస్‌పోర్టు ఫొటోలతో వెలిసే ర్యాంకుల ఫ్లెక్సీలు ఒకటి. గాజువాక వైపు ఇల్లు, మధురవాడ వైపు బడి అయితే పిల్లలు గంటకు పైగా ఒక్కో దిక్కు బస్సులో గడపవలసి రావడం ఇంకొకటి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న నగరం కావడంతో బదిలీల మీద వచ్చీ పోయే కుటుంబాలు ఎక్కువ. రెండు మూడేళ్లకోసారి బడి, స్నేహితులు, ఒక్కోసారి రెండో భాష కూడా మారిపోయే పిల్లలకు ఇల్లొక్కటే మారని తరగతి గది అవుతుంది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక చాలామంది తల్లిదండ్రులు పాఠం జరిగే తీరును తొలిసారి పక్క గదిలో నుంచి విన్నారు. తర్వాత బడులు తెరిచినా, విన్నది మరిచిపోలేనివారు కొందరున్నారు.

భయం ఏ చోటు ఆక్రమిస్తుంది

హాయిగా ఉంటే బాగా నేర్చుకుంటారన్నది కేవలం సెంటిమెంటు కాదు. మనిషి ఒక లెక్క చేస్తున్నప్పుడు అంకెలను, మధ్యలో వచ్చిన ఫలితాన్ని, తర్వాతి మెట్టును కాసేపు మనసులో నిలుపుకోవాలి. ఈ పని చేసే జ్ఞాపకానికి చోటు చాలా తక్కువ. తప్పు చేస్తే ఏమవుతుందన్న ఆందోళన కూడా అదే చోటును వాడుకుంటుంది. అందుకే ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో రాకపోవడం చాలాసార్లు అశ్రద్ధ వల్ల కాదు, చోటు చాలకపోవడం వల్ల. లెక్కలంటే భయం మీద జరిగిన మనస్తత్వ పరిశోధనలు ఈ విషయాన్ని పదేపదే చూపాయి.

బహుమతి గురించిన సంగతి ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో చేసి 1973లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలను మూడు బృందాలు చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ఒక బృందానికి ముందే చెప్పారు. రెండో బృందానికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో బృందానికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందుగా ఆశ చూపిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనిని బేరంగా మారిస్తే ఇష్టం తగ్గుతుందన్నమాట. చెప్పకుండా ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం నష్టం చేయలేదు. కాబట్టి మెచ్చుకోలు తప్పు కాదు, ముందుగా కుదుర్చుకున్న బేరమే తప్పు. ‘పది పేజీలు చదివితే ఫోన్ ఇస్తా’ అనే ఇంటి ఒప్పందం సరిగ్గా ఈ బేరమే, పైగా అది చదువును జరిమానాగా, ఫోన్‌ను విడుదలగా పిల్లలకు పరిచయం చేస్తుంది.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు ఇటువంటి ఫలితాలను ఒక సిద్ధాంతంగా కూర్చారు. తన పనిలో తనకు కొంత ఎంపిక ఉండటం, ఆ పని తనకు వస్తోందన్న నమ్మకం కలగడం, తనను పట్టించుకునే మనుషులు పక్కన ఉండటం అనే మూడూ కుదిరితే పని మీద ఆసక్తి లోపలి నుంచి పుడుతుందని వారు చెప్పారు. ఇంటికి ఈ మూడింటిలో మొదటిదీ మూడోదీ తేలిక. రెండోది తేలిక కాదు. ఇంటి చదువు తడబడేది ఎక్కువగా అక్కడే.

సమయం లెక్క కూడా ఇంటి పక్షానే ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతిలో నలభై నిమిషాల పీరియడ్‌ను సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది నిమిషం. హాజరు, నోట్స్, నిశ్శబ్దం కోసం పోయే సమయం ఇందులో కలపలేదు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చేసే ఇరవై నిమిషాల పాఠంలో తప్పు పడిన క్షణంలోనే సరిదిద్దే వీలుంటుంది. ప్రాథమిక వయసులో రోజుకు రెండు గంటల కూర్చున్న చదువు చాలునని ఇంటి చదువు కుటుంబాలు చెప్పేది ఈ లెక్క వల్లే. అయితే ఆ రెండు గంటలు ప్రతిరోజూ ఉండాలి. నేర్చుకున్నది మరచిపోయే వేగాన్ని 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ కొలిచి చూపించారు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ అరగంట, మధ్యమధ్య పాతది తిరగేయడం ఎక్కువ కాలం నిలుస్తుంది.

హాయి అంటే వదిలేయడం కాదు

ఈ చర్చలో ఎక్కువగా పొరపాటు జరిగే చోటు ఇది. మాటలు రావడం, నడక రావడం లాగే చదవడం కూడా దానంతటదే వస్తుందని కొందరు నమ్ముతారు. మాట మనిషి పుట్టుకలో ఉన్న సామర్థ్యం, లిపి మనిషి కనిపెట్టిన పరికరం. కొందరు పిల్లలు పరికరాన్ని తామే విప్పి చూసుకుంటారు గానీ, చాలామందికి ఎవరో ఒకరు విప్పి చూపాలి. కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం తగ్గించి అంతా వారే కనుక్కోవాలనడం పనిచేయదని 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం గట్టిగా వాదించింది. తెలిసిన విషయంలో స్వేచ్ఛ ఉత్సాహాన్ని ఇస్తుంది, ఏమీ తెలియని విషయంలో అదే స్వేచ్ఛ అయోమయమవుతుంది.

తెలుగు లిపి విషయంలో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. సంప్రదాయ లెక్కలో 56 అక్షరాలు, హల్లులకు గుణింతాలు కలిపితే ఐదు వందల పైచిలుకు రూపాలు, వాటి మీద ఒత్తులు. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు వారాల్లో గుర్తుపడతారు గానీ, ‘త్రూ’ (through), ‘టఫ్’ (tough), ‘దో’ (though) అన్న మూడు మాటల చివర ఒకే నాలుగు అక్షరాలు మూడు రకాలుగా ఎందుకు పలుకుతాయో ఏ సూత్రమూ చెప్పదు. తెలుగులో ఎక్కడం నిటారుగా ఉంటుంది, పైకి చేరాక దారి చదును. గుణింతం, ఒత్తు పట్టుబడ్డ పిల్లలు కొత్త మాటనైనా కూడబలుక్కుని చదవగలరు. కన్నడ లిపి మీద జరిగిన అధ్యయనాలు పిల్లలకు అక్షర రూపాలన్నీ పట్టుబడటానికి నాలుగైదేళ్లు పడుతుందని చూపాయి. తెలుగు లిపి కూర్పు కూడా అదే. కాబట్టి ఏడేళ్ల పిల్లకు ‘క్ష్మ’ రాలేదని కంగారుపడటం అనవసరం. ఏడేళ్లు వచ్చినా గుణింతం మొదలుపెట్టకపోవడం మాత్రం హాయి కాదు, బాకీ. ఈ బాకీ ఇంగ్లిష్ మీడియం బడికి వెళ్లే చాలామంది పిల్లల్లోనూ ఉందన్నది వేరే సంగతి.

లెక్కల్లో ఎక్కాల స్థానం ఇటువంటిదే. ఏడెనిమిదులు యాభై ఆరు అన్నది వెతుక్కోకుండా వస్తే, భిన్నం అర్థం చేసుకోవడానికి మనసులో చోటు మిగులుతుంది. వల్లె వేయడం పాత పద్ధతి కదా అని ఎక్కాలను తీసేసిన ఇంట్లో, రెండేళ్ల తర్వాత భిన్నాలంటే ఏడుపు మొదలవుతుంది. అప్పుడు హాయిని చెడగొట్టింది ఎక్కం కాదు, అది లేకపోవడం. మరోవైపు చరిత్ర, ప్రకృతి శాస్త్రం, భూగోళం, కళలు ఈ రకం మెట్ల వరుస మీద అంతగా ఆధారపడవు. నౌకలతో మొదలుపెట్టి వాణిజ్యానికి, అక్కడి నుంచి డచ్చివారికి, అక్కడి నుంచి భీమిలి సమాధుల దాకా పిల్లల ప్రశ్న ఎటు లాగితే అటు వెళ్లవచ్చు. కొన్ని చోట్ల క్రమం గట్టిగా, మిగతా చోట్ల పట్టు వదులుగా ఉండే ఈ హెచ్చుతగ్గులే హాయిగా సాగే ఇంటి చదువు అసలు రూపం.

బడి ఇంట్లోకి వచ్చినప్పుడు

బడి మాన్పించిన తొలి వారాల్లోనే చాలా ఇళ్లలో బడి తిరిగొస్తుంది. కొత్త నల్లబల్ల, రంగురంగుల పట్టిక, ఎనిమిదింటికి ప్రార్థన, పది నిమిషాల విరామం. తల్లి గొంతు టీచరు గొంతుగా మారుతుంది. బడిలో టీచరుతో గొడవపడిన పిల్ల సాయంత్రం అమ్మ దగ్గరికి వచ్చేది. ఇప్పుడు టీచరూ అమ్మే కావడంతో ఆ ఆసరా పోతుంది. భయాన్ని తప్పించుకోవడానికి ఎంచుకున్న మార్గం భయానికి మిగిలిన ఒక్క విరామాన్నీ తీసేస్తుందన్నమాట.

దీనికి మూలం పిల్లల్లో కన్నా పెద్దల ఆందోళనలో ఉంటుంది. అదే వయసున్న పక్కింటి పిల్లవాడు ఏడో ఎక్కం చెబుతుంటే, తాతయ్య ‘మరి వీడో?’ అని అడిగితే, ఆ సాయంత్రం పాఠం నిడివి పెరుగుతుంది. అందుకే అనుభవం ఉన్న కుటుంబాలు తొలి కొన్ని నెలలను బడి అలవాట్లు వదిలించుకునే కాలంగా చూస్తాయి. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల అన్నది ఇంటి చదువు కుటుంబాల్లో వాడుకలో ఉన్న ఒక మోటు లెక్క. దానికి శాస్త్రీయ ప్రమాణం ఏమీ లేదు. ఆ కాలం పిల్లలకన్నా తల్లిదండ్రులకే ఎక్కువ అవసరమన్నది మాత్రం గమనించదగ్గ మాట.

కొలత విషయంలోనూ తేడా కనిపిస్తుంది. మార్కు పిల్లవాడు మిగతావారిలో ఎక్కడున్నాడో చెబుతుంది, ఏది రాలేదో చెప్పదు. తేదీ వేసి దాచిన చేతిరాత పేజీ, మూడు నెలలకోసారి గట్టిగా చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకున్న నిమిషం, చేసిన తప్పులతో సహా దాచిన లెక్కల పుస్తకం నిన్నటికీ ఈరోజుకీ తేడా చూపుతాయి. పైన చెప్పిన ‘వస్తోందన్న నమ్మకం’ పిల్లలకు ఇటువంటి వాటి నుంచే కలుగుతుంది. బడిలో తిరిగి చేర్చవలసి వచ్చినా చూపించడానికి పనికొచ్చేవి ఇవే.

పోటు లెక్క, రైతు బజారు లెక్క

ఊరు చూపిస్తే చదువు అయిపోయినట్టు కాదు. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని ఒకసారి చూసి ఐస్‌క్రీమ్ తిని రావడం విహారం. ఇంత ఇనుము ఎలా తేలుతుంది, మళ్లీ ఎలా మునుగుతుంది అన్న ప్రశ్నతో ఇంటికి వచ్చి, బకెట్ నీళ్లలో సీసాను సగం నింపి, పూర్తిగా నింపి చూసి, మళ్లీ వెళ్లి నీటి తొట్లు ఎక్కడున్నాయో వెతకడం పాఠం. తేడా రెండోసారి వెళ్లడంలో ఉంది. బడి విహారయాత్రకు ఏడాదికి ఒక రోజే దొరుకుతుంది. ఇంటి చదువుకు మంగళవారం పదకొండింటికి, జనం లేనప్పుడు, మళ్లీ మళ్లీ వెళ్లే వీలుంది.

సముద్రం ఇందుకు చక్కని ఉదాహరణ. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. ఒక పిల్ల రెండు వారాలు పోటు వేళను రాసి గీత గీస్తే ఆ జరుగుబాటు కంటికి కనబడుతుంది. పంచాంగంలోని తిథిని పక్కన రాస్తే అమావాస్య, పౌర్ణమిలకు పోటు పెద్దదని తెలుస్తుంది. గడియారం, తీసివేత, గ్రాఫు, చంద్రుడు, జాలరుల తెలివి అన్నీ ఒకే నోటుపుస్తకంలోకి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఇదే తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు, పొదగడానికి దాదాపు 45 నుంచి 60 రోజులు. అదే కాలంలో వలల్లో చిక్కి చనిపోయిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చేపల రేవు మీద బతికే మనుషుల గురించి, వారి వలల గురించి పిల్లలు అడిగే ప్రశ్నకు ఒక్క వాక్యపు జవాబు ఉండదు, ఉండకూడదు కూడా.

తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చిందని అక్కడికి వెళ్లిన పిల్లలు తామే ఊహించగలరు. కొండ మీద భిక్షువులకు నీళ్లెలా అన్న ప్రశ్న బౌద్ధం గురించిన పాఠాన్ని తేదీల పట్టిక నుంచి బయటకు లాగుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇసుక ఎర్రగా ఎందుకైంది అన్న ఒక్క ప్రశ్నతో వాన, ఇనుము, తుప్పు దాకా వెళ్లవచ్చు. అయితే దూరపు యాత్రల కన్నా రైతు బజారు ఎక్కువ ఉపయోగం. కిలో 28 రూపాయల వంకాయలు ముప్పావు కిలో తీసుకుని, యాభై ఇస్తే ఎంత తిరిగి రావాలో తొమ్మిదేళ్ల పిల్ల అక్కడికక్కడే చెప్పగలిగితే భిన్నం ఆమెకు పట్టుబడినట్టే. వెనక నలుగురు నిలబడి ఉండగా ఆ లెక్క తప్పినా ఎవరూ మార్కులు తీయరు, కూరగాయల మనిషే సరిచేస్తుంది.

ఎవరి గంటలు

బరువు పిల్లల మీది నుంచి పెద్దల మీదికి మారుతుందని మొదట్లో చెప్పిన మాటకు ఆచరణలో అర్థం, చాలా ఇళ్లలో అది తల్లి మీదికి మారడమే. పిల్లల చదువు హాయిగా ఉండటానికి ఆమె ఉద్యోగం మానేయడమో, వాయిదా వేయడమో జరుగుతుంది. ఈ ఖర్చు ఫీజు రసీదులో కనిపించదు కాబట్టి ‘ఇంటి చదువు చవక’ అన్న మాట చలామణీ అవుతోంది. ఒక జీతం, వంట, ముసలివారి మందులు, ఆపైన రెండు తరగతుల పాఠాలు ఒకే మనిషి మోసే ఇంట్లో సంతోషం ఎక్కువ కాలం నిలవదు.

పని పంచుకునే వీలు కొన్ని వృత్తుల్లో ఎక్కువ. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసే తండ్రి మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లే వారంలో బడికి వెళ్లే పిల్లలను మెలకువగా చూడటమే అరుదు. ఇంటి చదువులో ఆ వారపు ఉదయాలన్నీ అతనివే. లెక్కలు తండ్రికి, తెలుగు కథలు అమ్మమ్మకు, సైన్స్ తల్లికి అన్న పంపకం కాగితం మీద కాక రోజువారీ అమలులో ఉన్న ఇళ్లే ఎక్కువ కాలం నిలబడతాయి.

తోటి పిల్లల సమస్య కూడా గంటల సమస్యే. ఇంటి చదువు పిల్లలు పగలంతా ఖాళీగానే ఉంటారు, ఆడుకోవడానికి వచ్చేవారు మాత్రం ఉండరు. సాయంత్రం బడి పిల్లలు రాగానే ట్యూషన్లకు వెళ్లిపోతారు. కాబట్టి ఈత, స్కేటింగ్, సంగీతం, చదరంగం తరగతులు ఈ కుటుంబాలకు అదనపు హంగులు కావు, స్నేహాలకు దొరికే ప్రధాన చోటు. ఆ తరగతులు అందుబాటులో లేని కుటుంబానికి, ఒకే సంతానమున్న కుటుంబానికి ఒంటరితనం నిజమైన నష్టం. దానికి ఏ పద్ధతిలోనూ తేలికైన విరుగుడు లేదు.

చట్టం నిలబడిన చోటు

2002లో 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 21ఎ అధికరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. దానికి అనుగుణంగా వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ చట్టంలోని 10వ సెక్షన్ బిడ్డను సమీప పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది, ఆ విధి పాటించని తల్లిదండ్రులకు ఏ శిక్షనూ మాత్రం చెప్పదు. ‘నిర్బంధ’ అన్న మాట ఆ చట్టంలో ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టేది. అలాగని ఇంటి చదువును గుర్తించే నిబంధన కూడా అందులో లేదు.

కుటుంబాలు అంతగా పట్టించుకోని అంశం 18వ సెక్షన్. నాలుగైదు కుటుంబాలు కలిసి ఫ్లాటు అద్దెకు తీసుకుని, జీతానికి టీచర్లను పెట్టి, ఫీజు వసూలు చేయడం మొదలుపెడితే, అది గుర్తింపు లేని పాఠశాలగా పరిగణన పొందే అవకాశముంది. అటువంటి పాఠశాల నడిపేవారికి లక్ష రూపాయల దాకా జరిమానా, కొనసాగిస్తే రోజుకు పది వేల దాకా జరిమానా అదే సెక్షన్‌లో ఉన్నాయి. సొంత పిల్లలకు సొంత ఇంట్లో నేర్పడం వేరు, ఇది వేరు.

ఆచరణలో ఇబ్బంది శిక్ష రూపంలో కాక నమోదుల రూపంలో వస్తుంది. బడి రికార్డులో పేరు లేని పిల్ల ప్రభుత్వ లెక్కలో బడి బయటి పిల్లే. వార్డు సచివాలయం నుంచి ఎవరైనా వచ్చి ఆరా తీస్తే అది వారి విధి. బడి హాజరుతో ముడిపడిన ‘తల్లికి వందనం’ వంటి సాయాలూ ఈ కుటుంబాలకు వర్తించవు. తిరిగి బడికి వెళ్లే దారి మాత్రం చట్టంలో తెరిచే ఉంది. 4వ సెక్షన్ ప్రకారం బడిలో చేరని లేదా మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడినచోట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 13వ సెక్షన్ ప్రవేశానికి వడపోత పరీక్షలను నిషేధిస్తుంది. ప్రైవేటు బడులు ‘చిన్న టెస్టు’ పెట్టడం వాడుకలో ఉన్నదే గనుక, పాత టీసీని, దాచిన నోటుపుస్తకాలను భద్రపరచుకోవడం మేలు.

ఇతర దేశాల తీరు ఒకే రకంగా లేదు. జర్మనీ ఇంటి చదువును అనుమతించదు. ఇంగ్లండులో 1996 చట్టం పిల్లలకు తగిన విద్యను బడిలోనో మరో విధంగానో అందించడం తల్లిదండ్రుల విధి అంటుంది. అమెరికాలో 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధమైంది. అక్కడి ఇంటి చదువు పిల్లలకు మార్కులు ఎక్కువని తరచూ ఉదహరించే అధ్యయనాల్లో చాలావాటిలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన, చదువుకున్న కుటుంబాలే ఎక్కువగా పాల్గొన్నాయి. ఆ అంకెలను విశాఖలోని సగటు ఇంటికి అన్వయించడం సరికాదు.

పద్నాలుగో ఏడు

హాయిగా సాగే చదువుకు అసలు పరీక్ష పద్నాలుగో ఏట వస్తుంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) లోనూ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఏపీఓఎస్ఎస్) లోనూ పదో తరగతికి కనీస వయసు 14 ఏళ్లు, ఇంటర్‌కు 15. అంతకన్నా చిన్నపిల్లల కోసం ఎన్ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ప్రాథమిక స్థాయిలు కూడా ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ కాలంలో తొమ్మిది పరీక్షా అవకాశాలు ఉంటాయి. ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్ అని ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్షల్లో ఐదు విషయాలనూ ఒకేసారి రాయనక్కర్లేదు. సిద్ధమైనవి ముందు రాసి, మిగతావి తర్వాత రాయవచ్చు. సొంత వేగం అన్న సూత్రం సర్టిఫికెట్ దాకా కొనసాగే ఏర్పాటు ఇది.

ఈ సర్టిఫికెట్‌తో జేఈఈ రాయవచ్చు. నీట్ విషయంలో చాలాకాలం ఉన్న అడ్డంకి కూడా 2024లో సుప్రీంకోర్టు తీర్పుతో తొలగింది. అంతర్జాతీయ బోర్డుల పరీక్షలను ప్రైవేటు అభ్యర్థిగా రాసే దారి ఉన్నా, ఫీజుల భారం వల్ల అది కొద్దిమందికే.

ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇక్కడ అడ్డుపడేది తెలివి కాదు, చేయి. ఏళ్ల తరబడి మాట్లాడి, చేసి చూపి, బొమ్మ గీసి నేర్చుకున్న పిల్ల రెండు మూడు గంటలు ఆగకుండా కాగితం మీద రాసి ఉండదు. ప్రశ్నలో అడిగినంతే రాయడం, సమయం పంచుకోవడం, రానిది వదిలి ముందుకు వెళ్లడం అనేవి విషయజ్ఞానంతో సంబంధం లేని వేరే నైపుణ్యాలు. పదమూడో ఏట నుంచి వారానికి ఒక పాత ప్రశ్నపత్రాన్ని గడియారం పెట్టి రాయించి, మార్కులు వేయకుండా కలిసి దిద్దుకునే కుటుంబాలు దీన్ని ఎక్కువ అలజడి లేకుండా దాటుతున్నాయి. మొదటి పత్రం ఇష్టమైన విషయంలో, మొదటి అసలు పరీక్ష ఒకటి రెండు విషయాల్లో, అక్టోబర్ విడతలో పెట్టుకుంటే, ఏదైనా తప్పినా ఏప్రిల్‌లో మళ్లీ రాసే వీలుంటుంది.